ఏటి యిసుక, చింతగింజ: సీమ పసిపిల్లల చేతియాటల చరిత్ర

కర్నూలు, కడప పట్టణములలోని మధ్యతరగతి గృహములయందు ఇటీవల ఒక కొత్త యలవాటు ప్రబలుచున్నది. తల్లులు వెడల్పైన ప్లాస్టిక్ డబ్బా నొకదానిని తెచ్చి, అందు రంగు పూసిన బియ్యమునో, పెసలనో, సగ్గుబియ్యమునో పరచి, ఒకనాడు సముద్రమని నీలి బియ్యముపై గవ్వలును చేపబొమ్మలును, మరొకనాడు పొలమని పప్పుల నడుమ ఆవుబొమ్మలును ట్రాక్టరు బొమ్మయు అమర్చి, బిడ్డను దాని ముందు కూర్చుండబెట్టి, ఆ బిడ్డ గరిటెతో తోడుచు, దోసిట పట్టి జారవిడుచుచు, వ్రేళ్ళతో కెలకుచు, చాలసేపు తన్మయత్వమున ఆడుకొనుట చూచి సంతసించుచున్నారు. దీనిని సెన్సరీ బిన్ అనుచున్నారు. ఇది మేలైన యలవాటే. కన్నులకును చెవులకును మాత్రమే పని కల్పించు తెరబొమ్మల నుండి పసివాని చేతులను విడిపించు ప్రయత్నమేదైనను నాకు ఆదరణీయమే. కాని ఇది మొన్న మొన్న పరదేశమునుండి దిగివచ్చిన విద్య యని పలువురు తలంచుటయు, ఈ రెండు జిల్లాల నేలకు ఇంతకంటె ప్రాచీనమును పొదుపైనదియు నగు సంప్రదాయ మొకటి కలదని మరచుటయు మనస్సునకు బాధ కలిగించుచున్నవి. ఆ సంప్రదాయమున కొక ధర్మము గలదు. తినెడి గింజ ఆటకు రాదు. ఆటకు వచ్చునది ఏటి యిసుకయు, చెరువు మన్నును, పండు తీయగా మిగిలిన చింతగింజయు, కంకి కోయగా మిగిలిన జొన్నబెండును. ఆ ధర్మము ఏల యేర్పడెనో, ఎట్లు నడచెనో, ఎందుచే సడలెనో విచారించుటయే ఈ వ్యాసమున నేను చేయదలచిన పని.

ముందుగా నేలను చూడవలెను. దత్తమండలములనబడి, 1928లో నంద్యాలలో జరిగిన సభ నాటినుండి రాయలసీమ యను గౌరవనామము వహించిన ఈ ప్రాంతమున ఏటికి కురియు వాన సుమారు 700 మిల్లీమీటర్లు. అదియు కాలము తప్పి, ఒకచోట కురిసి వేరొకచోట కురియక, రైతును ఆకాశము వంక చూచునట్లు చేయునదియే. హంద్రి కర్నూలు వద్ద తుంగభద్రలో కలియును. కుందు, చిత్రావతి, పాపఘ్ని, సగిలేరు, చెయ్యేరు పెన్నలో కలియును. పేరునకు ఇన్ని నదులున్నను, వీనిలో పెక్కు సంవత్సరమున కొన్ని దినములు మాత్రమే పారి, తక్కిన కాలమంతయు కనుచూపు మేర ఇసుక పరచుకొని యుండునవి. కోస్తావారికి ఏరనగా నీరు. సీమవారికి ఏరనగా ఇసుక, ఇసుక క్రింద నీరు. ఎండకాలమున ఊరి స్త్రీలు బిందెలతో ఏటికి పోయి, చేతులతో ఇసుకను తోడి చెలమ తీసి, ఊరిన నీటిని చిప్పతో ముంచి పోసికొనుచుండగా, వెంట వచ్చిన పిల్లలు ప్రక్కనే తమ చిన్న చెలమలు తీసికొనెడివారు. పైనున్న ఇసుక కాలుచుండును. జానెడు లోతున చల్లబడును. మూరెడు లోతున వ్రేళ్ళకు తడి తగులును. అటుపిమ్మట గోడలు విరిగి పడకుండ వాలుగా తోడవలెను. ఈ జ్ఞానమును ఎవరును మాటలతో చెప్పలేదు. పసివాని అరచేతికే అది తెలిసెను. ఆటకును బ్రతుకునకును నడుమ ఇంత తక్కువ దూరము గల వేరొక క్రీడను నేనెరుగను.

ఇసుకలో ఆటలు మరి కొన్ని కలవు. పిచ్చుకగూళ్ళు అందరెరిగినవే: తడి యిసుకను పాదముపై పోసి, అరచేత తట్టి గట్టిపరచి, కూలకుండ పాదమును మెల్లగా వెనుకకు లాగుకొనవలెను. ఇందలి రహస్యమంతయు తడి యెంత యుండవలెనో తెలియుటలో నున్నది. తక్కువైన రాలును, ఎక్కువైన జారును. పుల్ల దాచు ఆట మరియొకటి. మూరెడు పొడవున ఇసుకకట్ట పోసి, ఒకరు చిన్న పుల్లను వ్రేళ్ళ సందున పట్టి, కట్టలోపల ముందునకు వెనుకకు నడపి ఎక్కడనో విడుతురు; ఎదుటివారు రెండు చేతులు జోడించి పుల్ల యున్నదని తోచిన చోట మూయుదురు. తప్పినచో, ఓడినవాని దోసిట ఇసుక పోసి, నడుమ పుల్ల గ్రుచ్చి, కన్నులు మూసి ఎచ్చటికో నడిపించి ఆ ఇసుకను క్రుమ్మరింపజేసి తిరిగి తెత్తురు. పిదప ఆ చోటు వాడే వెదకి పట్టవలెను. కన్నులు మూసికొని పాదములతోను చెవులతోను దారి గుర్తుంచుకొనుటకు ఇంతకు మించిన శిక్షణ లేదు. బాలికలకు గుజ్జనగూళ్ళు. ఇసుకయే అన్నము, ఇటుకపొడియే కారము, వేపాకే కూర, మోదుగాకే విస్తరి. వంట ముగిసిన పిమ్మట వడ్డనయు, మర్యాదలును, అలకలును, ఒక సంసారమంతయు ఆ నాలుగు రాళ్ళ నడుమ జరిగెడిది. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్రము’ నందు రాజుల యుద్ధములకంటె ప్రజల తిండికిని బట్టకును ఆటకును ఎక్కువ స్థానమిచ్చి, ప్రాచీన కవులు పేర్కొన్న క్రీడల నామములను శ్రద్ధతో ఏరి కూర్చిరి. పిల్లల ఆట చరిత్రకు తగిన వస్తువే యని తెలుగువారికి నేర్పిన గ్రంథమది.

ఇంటిముందరి యిసుక బడిలోనికి పోయిన వృత్తాంతము ఇంకను విశేషమైనది. దత్తమండలములకు తొలి ప్రధాన కలెక్టరై 1800 మొదలు 1807 వరకు పాలించి, పిదప మదరాసు గవర్నరైన థామస్ మన్రో, 1822 జూన్ 25వ తేదీన, మదరాసు ప్రెసిడెన్సీలోని దేశీయ విద్యాలయములెన్ని, వానిలో ఏమి నేర్పుచున్నారు అను విషయమున జిల్లాలవారీగా విచారణ జరుపవలెనని ఆజ్ఞాపించెను. ఆ విచారణకు వచ్చిన సమాధానములలో మిక్కిలి వివరమైనది బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17న వ్రాసినది. నేటి కర్నూలు ప్రాంతమునకు చెందిన ఆదోని, ఆలూరు, పత్తికొండ అప్పుడు బళ్ళారి జిల్లాలోనివే. కర్నూలు పట్టణమో, 1839 వరకు నవాబు ఏలుబడిలో నుండెను. జిల్లాలో 533 బడులును, వానిలో 6,641 మంది విద్యార్థులును ఉన్నారని క్యాంబెల్ లెక్క తేల్చెను. అంకెలకంటె అతడు చిత్రించిన బాలుని మొదటి దినము నాకు విలువైనదిగా తోచును. బిడ్డకు అయిదేండ్లు నిండగానే, గురువును బడిపిల్లలును ఇంటికి వచ్చి, గణపతి ప్రతిమ చుట్టును వలయముగా కూర్చుందురు. గురువు ధూపము వేసి, నైవేద్యము పెట్టి, బిడ్డచేత ప్రార్థన పలికించి, ఆ చిన్నివ్రేలు పట్టి బియ్యములో దేవుని పేరు వ్రాయించును. మరునాడు బిడ్డ బడికి పోవును. అచ్చట వ్రాత బియ్యములో కాదు, నేలపై పరచిన ఇసుకలో. అక్షరమును నోట పలుకుటకంటె ముందే వ్రేలితో ఇసుకలో దిద్దుట నేర్చును. ఇసుకవ్రాతలో చేయి తిరిగిన పిదపనే తాటాకు మీద గంటముతోనో, కాగితము మీద రెల్లుకలముతోనో, మసి పూసిన గుడ్డతో చేసిన కడితము మీద బలపముతోనో వ్రాయుటకు అర్హత లభించును.

ఈ వృత్తాంతమున బియ్యమునకును ఇసుకకును గల స్థానభేదమును గమనింపుడు. బియ్యము ఒక్కనాటిది, పూజలోనిది, దైవసాక్షికమైనది. జొన్నసంకటి తినెడి సీమలో బియ్యము పండుగనాటి ధాన్యము. ఇసుక దినదినమునకు సంబంధించినది. తప్పు వ్రాసినను అరచేత తుడిచినంత మాత్రమున మాయమగును, ఖరీదు లేదు, చెల్లిపోవుట లేదు. వ్రాతను ఇంత తక్కువ వ్యయముతో నేర్పు పద్ధతియు, పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించు పద్ధతియు ప్రశంసార్హములనియు, ఇంగ్లండులో వీనిని అనుకరించుట సమంజసమే యనియు క్యాంబెల్ వ్రాసెను. ఆ యనుకరణము నిజముగానే జరిగినది. 1789లో మదరాసు ఎగ్మూరునందలి అనాథ బాలుర శరణాలయమునకు పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు, ఒకనాడు దేశీయ పాఠశాల నొకదానిని చూచి, పిల్లలు ఇసుకలో వ్రేలితో వ్రాయుచుండుట గమనించి, ఆ పద్ధతిని తన శరణాలయమున ప్రవేశపెట్టి, స్వదేశమునకు మరలిన పిదప 1797లో దానిని గూర్చి ఒక పుస్తకము ప్రకటించెను. జోసెఫ్ లాంకాస్టర్ లండనులో నడపిన పేదపిల్లల బడిలోను ఇసుకబల్లలు వెలసినవి. పెన్న యొడ్డున ఏ వీధిబడి పంతులును తన పద్ధతి సముద్రము దాటినదని ఎరుగడు.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. క్యాంబెల్ కాలమునాటి బడులలో బాలికల సంఖ్య అత్యల్పము. ఒకే యేటి యిసుక బాలుని చేతిలో అక్షరమయ్యెను, బాలిక చేతిలో గుజ్జనగూడయ్యెను. ఆటను కీర్తించు ఉత్సాహమున ఈ అన్యాయమును దాటవేయరాదు. మరియు, జిల్లా దరిద్రమగుచుండుటచే, పూర్వము బడులున్న గ్రామములు కొన్నింట ఇప్పుడు లేవని కూడ క్యాంబెలే వ్రాసెను. కాబట్టి ఆ కాలమును స్వర్ణయుగమని నేననను.

ఇసుకను బడినుండి వెడలగొట్టినది పలక. విచిత్రమేమనగా ఆ పలకయు ఈ సీమదే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడువరకు కర్నూలు జిల్లాలో భాగమైన మార్కాపురము రాతిపలకలకు దేశమంతట ప్రసిద్ధి వహించెను; బలపమునకు పనికివచ్చు మెత్తరాయి బేతంచెర్ల ప్రాంతమున లభించును. పలకలు బడికి వచ్చిన పిమ్మట ఇసుకలో వ్రాయుట వెనుకబాటుతనమునకు గుర్తైనది. పలక కంటికిని చెవికిని తెలియును; గీచినప్పుడు కిర్రుమనును. ఇసుకవలె వ్రేలికి దారి చూపదు. కొన్ని ఊళ్ళలో ముసలి పంతుళ్ళు పలక యున్నను మొదటి నెల ఇసుకలోనే దిద్దించిరని పెద్దలు చెప్పుదురు. వారిది మూర్ఖత కాదు, అనుభవము.

ఇక గింజ విషయము. సీమ యింటిలో పసిబిడ్డ చేతికి ధాన్యము తగులనే తగులదని కాదు. తల్లి చేట పట్టి కొర్రలో, సజ్జలో, జొన్నలో చెరుగుచుండగా బిడ్డ ప్రక్కనే కూర్చుండి చేటలో చేయి పెట్టును. తల్లి కసరదు, రాళ్ళు ఏరుమనును. ఏరిన రాయి బిడ్డది, గింజ ఇంటిది. ఆ చేటయే మా సీమ పిల్లల తొలి క్రీడాభాండమని నా నమ్మకము. కొర్ర నున్నగా జారును, సజ్జ చిన్నదై వ్రేళ్ళ సందుల ఇరుకును, జొన్న గుండ్రముగా దొర్లును, ఊదినచో పొట్టు లేచిపోవును. ఆటయైనను పనియైనను గింజ మాత్రము నేలపాలు కారాదు. ఆ చేతినేర్పు పదేండ్లు గడచిన పిదప పొలమున అక్కరకు వచ్చెడిది: వాన పదునున గొర్రు కట్టి విత్తునప్పుడు, ఒడిలో విత్తనములు కట్టుకొని జడ్డిగమున గింజలను పిడికిటి నుండి ఎడతెగక, గుంపుగా పడక, సన్నని ధారగా విడుచుచు గొర్రు వెంట నడచునది స్త్రీయే. ఆ ధార తెగినచో చాలున గంటులు పడును. ఇంటిముందు ముగ్గుపిండిని బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ సన్నగా జారవిడుచుటయు ఆ విద్యయొక్క మరియొక శాఖయే.

గింజను ఆటబొమ్మ చేయకపోవుటకు కారణము కేవలము భక్తి యని చెప్పిన సత్యము పూర్తి కాదు. 1876 మొదలు 1878 వరకు దక్షిణాపథమును దహించిన ధాత కరువు ఈ జిల్లాలను మిక్కిలి ఘోరముగా దెబ్బతీసెను. కర్నూలు జిల్లా జనసంఖ్య 1871లో 9 లక్షలకు పైబడి యుండగా, 1881 నాటికి 7 లక్షలలోపునకు పడిపోయెను. దొరికిన ఆకును దుంపను తిని, చింతగింజలను వేయించి దంచి తిని ప్రాణములు నిలుపుకొన్న తరము వారి మనుమలము, మునిమనుమలము మనము. అట్టి ఇండ్లలో జేజి అన్నపు మెతుకు నేల రాలిన ఏరి కన్నుల కద్దుకొనుటయు, పిల్లవాడు బియ్యము చల్లిన వీపున ఒకటి తగులుటయు సహజమే. నేడు బియ్యమునకు రంగు పూసి డబ్బాలో పోయుచున్న యువతులను ఇంటి పెద్దమ్మలు వారింపబోగా, వారు దానిని ఛాందసమని కొట్టివేయుదురు. అది ఛాందసము కాదు. కరువు నేర్పిన పాఠము ఒక కుటుంబమున మూడు నాలుగు తరములు నిలుచుట.

కరువు లేనినాడు చింతగింజ పిల్లల సొత్తు. ఎండకాలమున చింతకాయలు రాల్చి, ఆడవారందరు అరుగుమీద చేరి, చిన్న గుండ్రాతితో కొట్టి గింజ తీయుచుండగా, ఊరి పిల్లలు ఒడులు పట్టుకొని నిలుచుందురు. కురుబలు నేయు కంబళ్ళకు గంజి పెట్టుటకు కొంత పోగా మిగిలినది వారిదే. నున్నగా, చల్లగా, నల్లగా మెరయు ఆ గింజలను దోసిట పట్టి చెవిచెంత గలగలలాడించుటయే ఒక యానందము. ఒక ప్రక్క అరుగదీసిన తెలుపు, అరుగదీయని నలుపు, వేసినచో పాచికలు. పదునాలుగు గుంటలు తవ్వి గింజలు పంచుచు పోవు వామనగుంటలాటలో అయిదారేండ్ల బిడ్డ లెక్క నేర్చును, ఎదుటివాని యెత్తు కనిపెట్టుట నేర్చును. ఆలయ మంటపముల బండలపై చెక్కియున్న గుంటలను హంపీలోను ఇతర క్షేత్రములందును చూచినవారికి ఈ యాట యెంత పాతదో వేరుగ చెప్పనక్కర లేదు. అచ్చనగండ్లకు ఏటి గులకరాళ్ళు కలవు; అయిదు రాళ్ళ నెగురవేసి చేతి వెనుకభాగమున పట్టు నైపుణ్యమును ఏ బొమ్మల దుకాణమును అమ్మజాలదు. గురివిందగింజలతోడను ఆముదపు గింజలతోడను పిల్లలాడుకొనిన మాట నిజమే. ఆ రెండును విషగింజలే. అంచేత పాతదంతయు మేలని వాదింప నేను సిద్ధముగా లేను.

జొన్న కోసిన పిదప చొప్పను ఒలిచి, లోని తెల్లని బెండును ముక్కలుగా త్రుంచి, పైబెరడు చీలికలతో గుచ్చి, బండ్లు, ఎద్దులు, కండ్లద్దములు చేయుట మగపిల్లల శిల్పము. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున వేరుసెనగ ఈ మెట్టనేలలను ఆక్రమించిన పిమ్మట, విత్తనమునకై బుడ్డలు ఒలుచు పని ఇంటిల్లిపాదికి వచ్చెను. నాలుగేండ్ల బిడ్డ గూడ రెండు వ్రేళ్ళతో బుడ్డ నొక్కి టప్పుమనిపించి గింజ తీయుట నేర్చెను. తొక్కల కుప్పలో మునిగి దొర్లుట వానికి ప్రతిఫలము. వస్తువు మారెను గాని, పని ప్రక్కన ఆట యను క్రమము మారలేదు.

ఒక కథనో దృశ్యమునో కల్పించి పిల్లలచేత ఆడించు పద్ధతికి కూడ ఇచ్చట మూలములు కలవు. ఆదోని, కోసిగి, మంత్రాలయము వైపున, కన్నడ సీమతో కలిసి, జ్యేష్ఠ బహుళ అమావాస్యనాడు మట్టి ఎద్దుల అమావాస్య జరుపుదురు. చెరువు బంకమన్ను తెచ్చి, నలిపి, జోడెద్దులను చేసి పూజింతురు. పిల్లలకు ఆ దినము మన్నే లోకము. నల్లరేగడి మెత్తగా సాగును గాని ఆరినప్పుడు పగులును. ఎర్రమన్ను పొడియై రాలును. ఒండ్రు కలిసిన చెరువుమన్ను మాత్రమే కొమ్ములు నిలుపును. ఈ భేదములు చేతికి తెలిసిన బాలుడే రేపు పిడికెడు మన్ను పిసికి పదును నిర్ణయించు రైతగును. దసరా నవరాత్రులలో బొమ్మల కొలువు పెట్టు ఇండ్లలో, మెట్ల క్రింది భాగమున పళ్ళెములలో మన్ను పోసి ఆవాలు, రాగులు, మెంతులు చల్లి, తొమ్మిది దినములలో మొలకెత్తిన పైరును పొలముగను, అద్దపు ముక్కను చెరువుగను, రాళ్ళను కొండగను, దాని పైన గుడిని, క్రింద లక్కపిడతలతో వంటింటిని అమర్చుట పిల్లల పని. అక్కడ గింజ ఆటకు వచ్చినది గదా యని ఎవరైన ఆక్షేపింపవచ్చును. వచ్చినది, నిజమే, కాని ఆ గింజ మొలచినది.

ఇతర దేశముల కథ క్లుప్తముగా చెప్పెదను. జర్మనీలో ఫ్రోబెల్ 1837లో బ్లాంకెన్‌బర్గున పసిపిల్లల సంస్థను స్థాపించి, చేతితో పట్టి తెలిసికొనదగిన వస్తువులను వరుసగా కల్పించెను. బెర్లినులో ఉద్యానములందు పోసిన ఇసుకగుట్టలను చూచి, అమెరికాలోని బోస్టను నగరమున 1880లలో పేదపిల్లలకై ఇసుకతోటలు పెట్టిరి. లండనులో మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అను వైద్యురాలు 1929 ప్రాంతమున ఇసుక నింపిన పళ్ళెమును, చిన్న చిన్న మనుష్య జంతు గృహముల బొమ్మలను పిల్లల ముందుంచి, వారు నిర్మించు లోకములనుబట్టి వారి మనస్సులను గ్రహింప యత్నించెను. నేటి యిండ్లలోని ఇతివృత్తపు డబ్బాలకు నిజమైన పూర్వజ అదియే యని చెప్పవచ్చును. మరియా మాంటిస్సోరి 1939లో మదరాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చునప్పుడు, గరుకు కాగితపు అక్షరములపై బిడ్డ వ్రేలు నడిపించు విధానమును బోధించెను. ఆండ్రూ బెల్ శరణాలయమున చేరిన నూటయేబదియేండ్లకు, అదే నగరమున, వ్రేలితో అక్షరమును తాకి తెలిసికొను విద్య విదేశీ శాస్త్రముగా మరల ప్రవేశించినది. ఆ మహనీయురాలిని తక్కువచేయుట నా యుద్దేశము కాదు. ఆమె శాస్త్రము చేసినదానిని మనము అలవాటుగా ఎరిగియు నిలుపుకొనలేకపోతిమి.

ఎందుచే నిలుపుకొనలేకపోతిమి? కారణములు చేతికందునవే. గొట్టపు బావులు లోతునకు పోయిన కొలది ఏటిలో చెలమలు ఎండినవి. ఇసుక లారీలకెక్కి వెలగల సరకైనది. హంద్రి, పెన్న గర్భములలో పిల్లలు కూర్చుండిన చోట గోతులు పడినవి. నాపరాతి బండలు పరచిన ముంగిళ్ళు సిమెంటు పూసికొనినవి. మన్ను మురికి యను భావము మధ్యతరగతి యిండ్లలో నాటుకొనినది. మూడేండ్లకే బిడ్డను బల్లముందు కూర్చుండబెట్టి పెన్సిలు పట్టించు బడులు ఊరూర వెలసినవి. వ్రేళ్ళకు బలము రాకమునుపే వ్రాత రావలెనను ఆత్రము తల్లిదండ్రులను పీడించుచున్నది. జొన్న, కొర్ర సాగు తగ్గినచోట జొన్నబెండు ఎక్కడిది? పడమటి కర్నూలున, వానలు లేని యేట సుగ్గికి, అనగా కూలికై వలస, పోవు కుటుంబముల పిల్లలు గుంటూరు మిరపచేల గట్లపై ఆడుకొనుచు పెరుగుచున్నారు. వారికి ఇసుకయు మన్నును కావలసినంత గలవు గాని, ప్రక్కన కూర్చుండి ఆటను నడిపించు అవ్వ లేదు, బడి లేదు. 1975 అక్టోబరు 2న దేశమున 33 బ్లాకులలో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము ద్వారా అంగన్‌వాడీలు ఏర్పడి నేడు ప్రతి గ్రామమునకు చేరినవి. పోషకాహారముతో పాటు ఆట నేర్పుటయు వాని ధర్మమే. అయితే గోడమీది రంగుపటములకంటె ఒక గంపెడు జల్లించిన ఇసుక అచ్చటి బిడ్డకు ఎక్కువ మేలు చేయునని నేను దృఢముగా చెప్పగలను.

కావున నేటి తల్లులకును, అంగన్‌వాడీ కార్యకర్తలకును, ముఖ్యముగా అవ్వలకును జేజులకును నా విన్నపమిది. బిడ్డకు డబ్బా పెట్టుడు, మానవలదు; కాని మొదట బియ్యమును కాక ఇసుకను పోయుడు. ఏటి యిసుకను సన్న జల్లెడ పట్టి, రెండుమార్లు కడిగి, ఎండలో ఆరబెట్టిన పిమ్మట వెడల్పైన తట్టలోనో, పాత ఇత్తడి తాంబాళములోనో పోసి, ఒక కొబ్బరిచిప్పయు ఒక చిన్న చెంబెడు నీళ్ళును ఇచ్చిన చాలును. చెలమ వాడే తీయును. వానకాలమున చెరువుమన్ను, దసరాకు మొలకల పళ్ళెము, పంట కోతలో జొన్నబెండు, ఎండకాలమున చింతగింజలు: ఋతువే ఇతివృత్తమును సమకూర్చును, కొనవలసిన పని లేదు. మూడేండ్లలోపు బిడ్డకు చింతగింజయు గులకరాయియు ఈయరాదు. నోటను ముక్కునను పెట్టుకొని గొంతున అడ్డుపడు ప్రమాదము కలదు. ఆ పైబడిన వానితోనైనను పెద్దవారొకరు ప్రక్కన కూర్చుండవలెను. గురివింద, ఆముదపు గింజలు ఏ వయస్సునందును వలదు. గింజ తప్పనిసరియని తోచిన, చేటలో కొర్రలు పోసి రాళ్ళు ఏరించుడు. ఏరిన పిదప ఆ కొర్రలను వండి ఆ బిడ్డకే పెట్టుడు. ఈ వేసవిలో చింతపండు కొట్టునప్పుడు గింజలను పెంటమీద పారవేయక ఒక దోసెడు దాచి యుంచుడు. ఇంటనున్న అవ్వనో జేజినో పిలిచి, వామనగుంటలలో గింజలు పంచు విధమును బిడ్డకు ఆమె చేతనే చెప్పింపుడు. ఆమె యున్నప్పుడే అడుగుడు.